ఇద్దరు థామస్‌లు, ఒక పెంటయ్య

పోయిన శనివారం సాయంత్రం సరుకుల కోసం అజ్మాన్‌లో మా ఇంటి దగ్గరి మాల్‌కు వెళితే, ఎస్కలేటర్ పక్కన కొత్త దుకాణమొకటి కనిపించింది. దుకాణమంటే ఒక బల్ల, కంప్యూటరు, ప్రింటరు, వాటి వెనక సింహాలూ డాళ్లూ కిరీటాలూ ఉన్న పటాలు. మన ఇంటిపేరు చెబితే చాలు, దాని చరిత్రనూ వంశ చిహ్నాన్నీ అప్పటికప్పుడు అచ్చు వేసి ఇస్తారట. టీ కప్పు మీద కావాలన్నా వేస్తారట. ఇలాంటివి చూస్తే పక్కనుంచి నడిచిపోవడం నాకు చేతకాదు. చిన్నప్పటినుంచీ హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి, బల్ల వేసుకుని కూర్చుని ఎవరైనా గొప్ప మాట చెబుతుంటే ఎదురుగా నిలబడి "ఆధారమేమిటి?" అని అడగకపోతే అన్నం సహించదు. బల్ల దగ్గరున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి మా ఇంటిపేరు టైపు చేసింది. కంప్యూటరు కాసేపు వెతికి, అలాంటి వంశం లోకంలో లేదని తేల్చి, దానికి దగ్గరగా ఐర్లండులో ఒకటుంది, ఇవ్వమంటారా అంది. "సేమ్ సేమ్, సర్" అని ఆ అమ్మాయి భరోసా ఇచ్చింది. మా ఆవిడ పటం వంక చూసి, "తీసుకోండి, సింహం బానే ఉంది. మా పుట్టింటివాళ్లకి చూపిద్దాం, నన్ను ఐర్లండు ఇచ్చారని తెలీక ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకుంటున్నారు" అంది. ఆ సింహం ముఖం చూడగానే నాకు మా ఎదురు ఫ్లాట్ టీచరు గుర్తొచ్చింది. ఆ ముఖాన్ని నేనింతకు ముందే చూశాను.

టీచరంటే అమెరికా ఆవిడ. ఇక్కడి ఒక ప్రైవేటు బళ్లో చరిత్ర చెప్పేది. యాభై దాటిన ఒంటరి మనిషి. మా అంతస్తులో మా తలుపుకు ఎదురు తలుపు ఆవిడది. రెండేళ్లపాటు మా పరిచయం లిఫ్టులో "గుడ్ మార్నింగ్" దగ్గరే ఆగిపోయింది. 2020లో బళ్లు మూసేసి, అందరం ఇళ్లల్లో కూలబడ్డాక గానీ ఎదురు తలుపు వెనక ఒక మనిషి ఉందన్న సంగతి మాకు తెలిసిరాలేదు. నేను పనిచేసే ఓడల మరమ్మతు యార్డులో వంతులవారీగా డ్యూటీలు వేశారు. మిగిలిన రోజుల్లో నేను ఇంట్లో కూర్చుని వ్యాసాలు రాస్తున్నాననే నెపంతో మా ఆవిడ వంటకు అడ్డు తగులుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు ఆమె, "ఎదురింటి టీచరమ్మ నాలుగు రోజుల్నించీ చెత్త సంచి బయట పెట్టలేదండీ" అంది. నేను కళ్లజోడు తుడుచుకుని అది ఇతరుల ఆంతరంగిక విషయమని చెప్పడం మొదలుపెట్టేలోపు ఆమె పప్పుచారు గిన్నె పట్టుకుని వెళ్లి ఎదురింటి గంట కొట్టేసింది.

టీచరు తండ్రి పోయాడు. వర్జీనియాలో, ఆసుపత్రిలో, కరోనాతో. విమానాలు లేవు. కూతురు అజ్మాన్‌లో సోఫా మీద కూర్చుని ఫోన్‌లో తండ్రి సమాధి కార్యక్రమం చూసింది. అదయినా మధ్యలో రెండుసార్లు ఆగిపోయిందట. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం, టీచరుకు తెలుగు సున్న. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకిప్పటికీ తెలియదు. ఆ రోజునుంచి మాత్రం ఆమె మా ఆవిణ్ణి "అక్కా" అని పిలిచేది, సాయంత్రాలు మా ఇంట్లో టీ తాగేది. నన్ను "సర్" అనేది. అలా పిలవద్దని ఎంత చెప్పినా, ఈ దేశంలో నోరు తిరగని పేర్లన్నీ చివరికి "సర్" అయిపోతాయని నవ్వేది.

తండ్రి ఆమెకు ఒక వంశవృక్షం వదిలిపోయాడు. తపాలా ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పదిహేనేళ్లు దాని మీదే కూర్చున్నాడు. అమెరికా ఇంకా ఇంగ్లీషువాళ్ల వలసగా ఉన్న రోజుల్లో, ఓడెక్కి వచ్చి వర్జీనియా తీరంలో దిగి, పొగాకు పండించి, అక్కడే మట్టిలో కలిసిన థామస్ అనే ఒక ఇంగ్లీషు మనిషి వాళ్ల మూలపురుషుడు. అక్కణ్ణుంచి తనదాకా ఒక్కొక్క తరాన్నీ పెద్దాయన ఆధారాలతో పేర్చుకుంటూ వచ్చాడు. పెళ్లి నమోదులు, పన్ను కాగితాలు, సమాధి రాళ్లు. నాకు ఆ కాగితాలు చూస్తే ముచ్చటేసింది. ముఖ్యంగా ఒక సంగతి. థామస్ మనవళ్లు బానిసల్ని పెట్టుకున్నారు. పెద్దాయన దాన్ని దాచలేదు, మెత్తగా చెప్పలేదు. ఆ బానిసల్లో దొరికినవాళ్ల పేర్లను కూడా తన వాళ్ల పేర్ల పక్కనే, అదే సైజు అక్షరాల్లో రాశాడు. తాతల తప్పును తాతల పేరుతో సమానంగా రాయగలిగిన మనిషిని మా సభల్లో కూడా నేను ఎక్కువమందిని చూడలేదు. మన దగ్గర వంశచరిత్రలు ఎలా ఉంటాయో తెలిసిందే. అందులో అందరూ దాతలు, అందరూ సింహాలు. ఎవడి పొలంలో ఎవడు చాకిరీ చేశాడో ఒక్క వాక్యం ఉండదు.

అంత నిక్కచ్చి మనిషి కూడా సముద్రం దాటే దగ్గర కాలు జారాడు. ఇంగ్లండులో ఒక ఊరి చర్చి పుస్తకంలో అదే పేరు, అదే ఇంటిపేరు, సరిపోయే వయసు ఉన్న పిల్లవాడి బాప్తిస్మం కనిపించింది. ఆ పిల్లవాడి తండ్రి ఊళ్లో పెద్ద భూస్వామి, వంశ చిహ్నం ఉన్నవాడు. ఆ చిహ్నంలో సింహం ఉంది. పెద్దాయన గీత గీసి ఆ థామస్‌నూ ఈ థామస్‌నూ కలిపేశాడు. సింహాన్ని పటం కట్టించి హాల్లో పెట్టుకున్నాడు, దాని ఫోటో టీచరు మాకు చూపించింది. ఇప్పుడాయన అక్కగారు, అంటే టీచరుకు మేనత్త, తమ్ముడి సమాధి రాయి మీద ఆ సింహాన్నే చెక్కించాలని నిశ్చయించింది. ఆ ఏడాది చుట్టాలందరూ కలిసే సమావేశం ఫోన్లలోనే జరుగుతుంది. అందులో కూతురు తండ్రి వంశవృక్షం చదవాలి, ఆ తర్వాత రాయి పని మొదలవుతుంది. సమాధికి వెళ్లలేకపోయిన కూతురికి తండ్రికోసం చేయడానికి మిగిలిన పని అదొక్కటే. రోజూ మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని దాన్ని శుభ్రంగా తిరగరాసేది.

నేను ఊరుకోవాల్సింది అని మీరనుకోవచ్చు. మా ఆవిడ అప్పుడే అంది, "పోయినాయన మీద మీ వాదాలు పెట్టకండి" అని. కానీ నన్ను అడిగింది టీచరే. "సర్, మీరు దేన్నీ నమ్మరట కదా. దీన్ని చూసి చెప్పండి" అంది. చూశాను. పేరూ వయసూ కలిస్తే మనిషి ఎలా కలుస్తాడని అడిగాను. మా గోదావరి జిల్లాల్లో ఏ సంతలోనైనా నిలబడి "సత్యనారాయణా" అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు, అందులో నలుగురికి ఒకే ఇంటిపేరు కూడా ఉంటుంది, వాళ్లంతా అన్నదమ్ములైపోతారా అన్నాను. ఈ పిల్లవాడే ఓడెక్కాడని చెప్పే ఆధారం ఏదని అడిగాను. ఆమె ప్రశ్నలకు అలవాటుపడ్డ టీచరు గనక తడుముకోకుండా జవాబిచ్చింది. "ఇద్దరూ ఒకరే కాదని చెప్పే ఆధారమూ లేదు కదా, సర్?" అంది. రుజువు చేయాల్సిన పూచీ చెప్పేవాళ్లది, అడిగేవాళ్లది కాదు అన్నాను. మా మాటలు అలా రెండు సాయంత్రాలు సాగాయి. ఈ దేశానికొచ్చాక అంత మంచి చర్చ నాకు దొరకలేదు. యార్డులో నేనేదన్నా మొదలుపెడితే మా ముదీర్, అంటే మేనేజరు, చెయ్యెత్తి "ఖలాస్, ఖలాస్", ఇక చాలు అనేవాడు.

మూడో సాయంత్రం ఆమె ఆ చర్చి పుస్తకం ఫోటోలు చూపిస్తూ, ఒకచోట ఆగింది. అదే భూస్వామికి ఏడేళ్ల తర్వాత ఇంకో కొడుకు పుట్టినట్టుంది. వాడి పేరూ థామసే. పెద్దాయన పక్కన పెన్సిలుతో "రాసినవాడి పొరపాటు కావచ్చు" అని రాసుకున్నాడు. మేమిద్దరం ఆ పొరపాటు ఎలా జరిగుంటుందా అని పండితుల్లా చర్చించుకుంటుంటే, గోరుచిక్కుళ్లు తుంచుతున్న మా ఆవిడ సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"పొరపాటెందుకవుద్ది?" అంది. "మొదటోడు పోయుంటాడు. పోయినోడి పేరే మళ్లీ పెట్టుకున్నారు. మీ అమ్మగారు పోయినోళ్ల తర్వాత పుట్టారని మీకు పెంట పేరు పెట్టింది, వాళ్లు పోయినోడి పేరు పెట్టుకున్నారు. కడుపుకోత ఒకటేగా, ఎవరి పిచ్చి వాళ్లది."

ఆమె మాటల్ని నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేసరికి టీచరు చేతిలో కప్పు కింద పెట్టేసింది. "పెంట పేరు అంటే ఏమిటి, సర్?" అని అడిగింది.

నా పేరు పెంటయ్య. వ్యాసాల కింద వేరే పేరు ఉంటుంది గానీ పాస్‌పోర్టులో ఇదే. మా ఊళ్లో వరసగా పిల్లలు పోతున్న ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. పక్కింటావిడ వచ్చి ఎత్తుకుంటే, ఆమెకు చేటెడు తవుడిచ్చి బిడ్డను కొనుక్కునేవారు. చావుకు ఆ బిడ్డ మీద ఆశ కలగకూడదని పెంటయ్య అనో, తవిటయ్య అనో పేరు పెట్టేవారు. బళ్లో ఈ పేరుతో నేను పడ్డ పాట్లు ఒక పుస్తకం అవుతాయి. పద్దెనిమిదేళ్లప్పుడు రాజమండ్రిలో ఒక సభలో లేచి, "నా పేరు పెంటయ్య. నన్ను బతికించింది పెంట కాదు, సైకిలు మీద మా ఊరొచ్చిన టీకాల నర్సు" అన్నాను. చప్పట్లు మోగాయి. ఆ ఒక్క వాక్యంతో నేను ఉపన్యాసకుణ్ణయిపోయాను. తర్వాత ముప్ఫై ఏళ్లు ఆ ఆచారాన్ని ఎండగడుతూ ఎన్ని సభల్లో మాట్లాడానో. ఇక్కడికొచ్చాక మాత్రం ఆ పేరు హాయిగా ఉంది. అరబ్బులకు ప పలకదు కాబట్టి బెంటయ్యనయ్యాను. ఎవరికీ అర్థం తెలియదు. వెక్కిరింత లేకుండా ఎవరైనా నన్ను పేరుపెట్టి పిలవడం మొదట విన్నది ఈ ఎడారిలోనే.

ఇదంతా టీచరుకు కొంచెం నాటకీయంగానే చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. వంశవృక్షాలు గీసేవాళ్లకు ఒక చూపుంటుంది, అలా నావైపు చూసి, "అయితే మీకు ముందు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ల పేర్లేమిటి, సర్?" అంది.

నాకు తెలియదు. ఆ ఆచారం మూఢమని అన్నవాళ్లున్నారు, కాదని నాతో తలపడ్డవాళ్లున్నారు. ఆ పోయిన పిల్లలు ఎవరని అడిగినవాళ్లు ఆ రోజుదాకా ఒక్కరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. అదే చర్చి పుస్తకంలో వెనక ఉండే ఖననాల పుటలు తిప్పిందట. మొదటి థామస్ ఆరో ఏట పోయాడు. రెండో థామస్ ఆ తర్వాతి ఏడు పుట్టాడు. వర్జీనియా థామస్ పెళ్లాడి బిడ్డను ఎత్తుకున్న నాటికి ఆ రెండోవాడు ఇంకా ఇంగ్లండులో బడికి పోయే వయసువాడు. ఆ ఇద్దరిలో ఎవరూ వీళ్ల మనిషి కారు. తండ్రి ఆ పుటలు ఎందుకు చూడలేదని ఆమె పదేపదే అనుకుంది. చూడకపోవడంలో వింతేమీ లేదు. బతికి ఓడెక్కినవాణ్ణి వెతికే మనిషి చనిపోయిన పిల్లల పుటలు ఎందుకు తిప్పుతాడు? ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసే పొరపాటే అది, పుట్టుక దొరకగానే ఆగిపోవడం.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి, అక్కా?" అని ఆమె అడిగింది నన్ను కాదు, మా ఆవిణ్ణి. చెప్పకపోతే తండ్రి తలమీద ఒక అబద్ధపు సింహం శాశ్వతంగా కూర్చుంటుంది. చెబితే, కడసారి చూపుకు రాని కూతురు సమావేశంలో కనబడగానే తండ్రి ముచ్చట తీసి పారేసినట్టవుతుంది. మేనత్త ఎనభై ఏడేళ్ల మనిషి, తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. తెరవలేదు. ఆ తర్వాత తనే మెల్లిగా, "ఆ పుట మీ నాన్నగారే చూసుంటే ఏం చేసేవారు?" అని అడిగింది. టీచరు లాప్‌టాప్ తెరిచి, తండ్రి బానిసల పేర్లు రాసిన పేజీ దగ్గర ఆగి చాలాసేపు చూస్తూ కూర్చుంది. మూసేసి, "చూసుంటే ఆ రోజే గీత కొట్టేసేవాడు" అంది.

సమావేశం రోజు ఆమె తన ఫ్లాట్‌లో కెమెరా ముందు కూర్చుంది. మేమిద్దరం గోడ పక్కన, కెమెరాకు కనబడకుండా. ఆమె చదివింది. నాన్న మనల్ని సముద్రం ఒడ్డుదాకా తీసుకొచ్చాడు, అంతవరకూ ప్రతి అడుగూ నిజం, దాటడం మాత్రం ఆయనవల్ల కాలేదు, అవతలి ఒడ్డున మన థామస్ ఎవరి కొడుకో మనకు తెలియదు అంది. థామస్ ప్రయాణానికి ఎవరో తోటల యజమాని డబ్బు కట్టినట్టు, అందుకు బదులుగా కొన్నేళ్లు అతని దగ్గర చాకిరీ చేసినట్టు ఆ మధ్యే ఆమెకు ఒక ఆధారం దొరికింది. అదీ చెప్పింది. దొరికిన రోజున మా ఆవిడ అది విని, "అంటే ఆయనకీ కఫీల్ ఉన్నాడన్నమాట" అంది. తండ్రి పోయాక టీచరు పగలబడి నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఈ దేశంలో కొన్నేళ్లు ఉన్నవాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు, మనందరి వీసాల మీదా మన పూచీ పడ్డ యజమానిగా ఒక కఫీల్ పేరుంటుంది.

ఫోన్ తెరమీద చిన్న చిన్న గళ్లలో చుట్టాలందరూ ఉన్నారు. వాళ్లలోంచి మేనత్త గొంతు సవరించుకుంది. "ఆ సింహం నాకెప్పుడూ నచ్చలేదు. కడుపునొప్పి వచ్చిన కుక్కలా ఉండేది. వాడు ముచ్చటపడ్డాడని ఊరుకున్నాను" అంది. తర్వాత, "రాయి మీద వాడి పేరు చాలు. కింద, వెతికినవాడు అని రాయించండి" అంది. టీచరు కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది, నేను కూడా ఏదో తుడుచుకుంటున్నానని.

ఆ వారమే తణుకులో ఉండే మా పెద్దక్కకు ఫోన్ చేశాను. అక్క నాకంటే పదేళ్లు పెద్దది. నాకు ముందు పోయినవాళ్ల పేర్లు అడిగాను.

"ఎందుకురా ఇప్పుడు?" అంది.

"ఎదురింటి అమెరికా ఆవిడ అడిగిందక్కా."

"అమెరికా ఆవిడకి మన పిల్లల గొడవేంట్రా?" అని విసుక్కుని, అంతలోనే గొంతు తగ్గించింది. "పెద్దోడు సూరిబాబు. ఉయ్యాలలో ఊపింది నేనేరా. పాకుతా పాకుతా గడప దాటేసేవోడు. రెండోది ఆడపిల్ల. పేరెట్టేదాకా రాలేదు. అమ్మ మటుకు చంటీ అనేది. నిన్ను పెంట మీద పడుకోబెట్టిన రోజున కూడా అమ్మ ఆ పిల్లకోసమే ఏడ్చింది." ఫోన్ పెట్టేసే ముందు, "ఇన్నేళ్లూ నాతోనే పోతాదనుకున్నాన్రా ఈ మాట. అడిగావు, మంచి పని చేశావు" అంది.

అక్క చెప్పింది టీచరుకు చెప్పాను. ఆమె రెండేళ్లకు ఒప్పందం ముగిసి అమెరికా వెళ్లిపోతూ, తన చేత్తో గీసిన ఒక చార్టు చట్రం కట్టించి ఇచ్చింది. మా అమ్మానాన్నల కింద నాలుగు గళ్లు. అక్క, సూరిబాబు, చంటి, పెంటయ్య. గోత్రాల మీదా వంశాల మీదా జీవితమంతా దండెత్తిన మనిషి ఇంటి హాల్లో ఇప్పుడొక వంశవృక్షం వేలాడుతోంది. చూసిన మిత్రులు ఎత్తిపొడుస్తారు. ఎత్తిపొడవనివ్వండి. పెంట మీద పడుకోబెడితే బిడ్డ బతకడు, ఆ మాట ఇవాళా ఏ సభలోనైనా అంటాను. కానీ ఆ ఇద్దరూ ఉన్నారని చెప్పడానికి లోకంలో ఒక్క కాగితం లేదు, నా పేరు తప్ప. నేను సిగ్గుపడి దాచుకున్న పేరే వాళ్లకున్న ఏకైక సాక్ష్యమని నాకు చూపించింది ఎదురింటి పరాయి మనిషి. దేవుడున్నవాళ్లు కృతజ్ఞతను ఆయన ఖాతాలో వేసేసి నిశ్చింతగా ఉంటారు. మాకు ఆ వీలు లేదు, మనిషి ఎవరో వెతుక్కుని ఆ మనిషికే చెప్పుకోవాలి. టీచరుకు నేను ఎదురుగా సరిగ్గా చెప్పలేదు, విమానాశ్రయంలో పెట్టెలు మోయడంలో పడిపోయాను. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

మాల్‌లో ఆ అమ్మాయి ఇంకా ఐర్లండు పటం పట్టుకుని ఎదురుచూస్తూనే ఉంది. మా ఆవిడ ఆమె భుజం తట్టి, "మాఫీ, బేటీ. హమారే ఘర్‌మే హై" అని, మా ఇంట్లో ఒకటుందని చెప్పి, బియ్యం సంచి నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి దాన్ని దించుతూ గోడ వంక చూశాను. అరవై దాటి, జుట్టు నెరిసి, మోకాళ్లు పట్టుకుని నేను నిలబడితే, నాకంటే ముందు పుట్టిన అన్న తన గడిలో ఇంకా గడప దాటుతూనే ఉన్నాడు, చంటి ఇంకా పేరుకోసం ఎదురుచూస్తూనే ఉంది. కాలం నన్నొక్కణ్ణే పెద్దవాణ్ణి చేసి, ఆ ఇద్దరినీ నా చేతుల్లో పెట్టింది.